కొంగుతో తీసే తలుపు

మా అత్తగారు ఫ్రిజ్ తలుపుని ఉత్త చేత్తో ముట్టుకోరు. కొంగు అరచేతికి చుట్టుకుని, పిడి పట్టుకుని చటుక్కున లాగి, పాలగిన్నె తీసుకున్నాక తుంటితో తోసి మూసేస్తారు. కాపురానికొచ్చిన కొత్తల్లో అది చూసి నాకు ఒళ్ళు మండిపోయేది. మడి అనుకున్నా. నేను ముట్టుకున్న తలుపు ఆవిడ ముట్టుకోకూడదన్నమాట! మైలవరంలో మా అమ్మా మడి కట్టుకునేది. కానీ ఫ్రిజ్‌కి మడేమిటి, చోద్యం కాకపోతే! ఆ కోపం మనసులో పెట్టుకునే, ఆవిడకి గిట్టదని తెలిసీ, మడమ నొప్పి వంక చెప్పి వంటింట్లో కూడా రబ్బరు చెప్పులు వేసుకుని తిరగడం మొదలుపెట్టా. ఆవిడ ఒకసారి నా కాళ్ళ వంక చూసి, ఏమీ అనకుండా పొయ్యి వైపు తిరిగారు. అనకపోవడం కూడా నాకు తిట్టినట్టే తోచింది.

మా ఆయన ఉదయభాస్కర్‌ని అడిగా కూడా. "మీ అమ్మగారికి ఫ్రిజ్ దగ్గర అంత పట్టింపేమిటండీ?" అని. పేపర్లు దిద్దుకుంటూ తలెత్తకుండా, "మా అమ్మ తీరంతే. దానికితోడు నరాల బలహీనత. పట్టించుకోకు" అన్నారు. నిజమే, వంటింటి అలమరలో ఉప్పు డబ్బా పక్కన నరాలకి వాడే మాత్రలు ఎప్పుడూ ఉంటాయి. ఆవిడ రోజూ పొద్దున్నే ఒకటి నోట్లో వేసుకుని మంచినీళ్ళు తాగుతారు. మడి ఒక సంగతి, మాత్రలు ఇంకో సంగతి అనుకుని ఊరుకున్నా.

మాది జగ్గయ్యపేట. మా మామగారు కుటుంబరావుగారు సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఈ ఇల్లు ఆయన దగ్గరుండి కట్టించుకున్నది. గుమ్మంలోకి ఎవరొచ్చినా "ప్రతి ఇటుకా నా కళ్ళ ముందు పడిందండీ" అనకుండా కాఫీ ఇవ్వనివ్వరు. మా ఆయన నందిగామలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెబుతారు. నేను ఇంట్లోంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తా. ఆస్పత్రి బిల్లులు రాలేదని గోల పెట్టేవాళ్ళతో ఫోన్లో మాట్లాడి, వాళ్ళ కాగితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. హాల్లో మామగారి టీవీ, పడగ్గదిలో మా ఆయన పేపర్ల కట్టలు. అందుకని నా ఆఫీసు వంటింటి పక్కనున్న సామాన్ల గదిలో వెలిసింది. ఓ పక్క బియ్యం డ్రమ్ము, ఓ పక్క ఆవకాయ జాడీలు, మధ్యలో నేనూ, నా లాప్‌టాపూ, గోడకి వేలాడే రూటరు డబ్బా. ఇన్వర్టరు లైను హాల్లోనూ పడగ్గదుల్లోనూ ఫ్యాన్లకీ లైట్లకీ ఉంది గానీ వంటింటికీ ఈ గదికీ లేదు. అది పెట్టించిన రోజున మామగారు "వంటింట్లో ఏముందే, పొయ్యికి కరెంటెందుకు?" అన్నారట. కరెంటు పోతే వాళ్ళిద్దరూ హాల్లో ఫ్యాను కింద కూర్చుని "అన్నం అయిందా?" అని కేకేస్తారు. మేమిద్దరం ఇటుపక్క చెమటలు కక్కుతూ "ఆఁ, అయిపోతోంది" అంటాం.

మా వీధి కరెంటు సంగతి ఏం చెప్పమంటారు! పోవడం ఒక బాధ, రావడం ఇంకో బాధ. వస్తే నీరసంగా వస్తుంది, ట్యూబులైటు కొట్టుకుంటుంది. లేకపోతే పూనకమొచ్చినట్టు వస్తుంది, దేవుడి దగ్గర బల్బు కూడా కళ్ళు చెదిరేలా వెలుగుతుంది. ఈ పిచ్చి కరెంటుతో మా అత్తగారు కాపురం చేసినంత ఓపిగ్గా ఇంకెవరూ చెయ్యలేరు. ఆవిడకి అది చెవికి తెలుస్తుంది. పప్పు పోపు పెడుతూ పెడుతూ చెయ్యి ఆపి, తల పక్కకి వాల్చి, "ఫ్యాను పాట మారిందే" అంటారు. నాకు ఏమీ వినబడదు. ఆవిడ వెళ్ళి ఫ్రిజ్ స్విచ్చి ఆపేసి వచ్చేస్తారు. ఇంకాసేపటికి వీధిలో ఎవరింట్లోనో ఫట్‌మంటుంది. కరెంటు పోగానే ఇల్లంతా తిరిగి ఒక్కో స్విచ్చీ ఆపుతారు. వచ్చాక వెంటనే వెయ్యరు. "ఉండవే, దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనీ" అంటూ ఫ్యాను తీరు చూసి, బల్బు తీరు చూసి, అప్పుడు ఒక్కోటీ వేస్తారు, ముందు నా రూటరు. మిక్సీ వేసే ముందు "సంహితా, తిప్పుతున్నానే, నీ ఫోను చూసుకో!" అని కేక వెయ్యకుండా ఒక్కరోజూ తిప్పలేదు. ఇంట్లో ఆ ముసలి ఫ్రిజ్ ఇంకా బతికుందంటే, టీవీ బతికుందంటే, అది కంపెనీవాడి గొప్పా కాదు, మామగారి ఇటుకల గొప్పా కాదు. అయినా హాల్లో మగాళ్ళకి ఆవిడ పేరు "లైన్‌మన్ లలితాంబ". మామగారు నవ్వితే మా ఆయనా నవ్వేవారు. ఆవిడ కూడా నవ్వేసి పోపులో కరివేపాకు వేసేవారు. నాకు మాత్రం రానురానూ ఆ నవ్వు గిట్టేది కాదు. ఇంత మనిషిని పట్టుకుని ఆ నవ్వేమిటి అనిపించేది.

నా రూటరు మొదటిసారి కాలిపోయింది ఆవిడ వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి వెళ్ళిన రోజున. రెండోసారి కాలిపోయింది ఆవిణ్ణి నరాల డాక్టరుకి చూపించడానికి విజయవాడ తీసుకెళ్ళిన రోజున. రెండుసార్లూ నేను ఎవరికో సమాధానం చెబుతూ ఉండగానే లైను తెగింది. మా సూపర్‌వైజర్ క్రాంతికుమార్ మంచివాడే గానీ ఆయన పైన ఇంకెవరో ఉంటారు కదా. "మేడం, నాకేం లేదు, కానీ ఇంకోసారి మధ్యలో లైన్ తెగిందంటే ఇంట్లోంచి పని కుదరదంటున్నారు. హైదరాబాద్ వచ్చెయ్యాలి, లేకపోతే మానెయ్యాలి. ఈ నెల్లోనే క్లయింటు మీ కాల్ ఒకటి కూర్చుని వింటాడు, జాగ్రత్త" అన్నాడు.

ఆ మాట భోజనాల దగ్గర చెప్పా. "మానేస్తే మానెయ్. నీ జీతం లేకపోతే ఇల్లు గడవదా ఏమిటి?" అన్నారు మా ఆయన, చారు పోసుకుంటూ. విసుక్కుని అన్నా బాగుండేది. ప్రేమగానే అన్నారు, అదే నాకు ఎక్కువ మండింది. ఆ సామాన్ల గదిలో, ఆవకాయ జాడీల మధ్య, రోజులో కొన్ని గంటలు నేను సంహితని. ఎవరి కోడల్నీ కాదు, ఎవరికీ కాఫీ ఇవ్వను. ఎక్కడో కడపలోనో కర్నూల్లోనో ఒక ముసలాయన "మీవల్ల నా బిల్లు వచ్చిందమ్మా, చల్లగా ఉండు" అంటాడు. అది పోతే నాకేం మిగులుతుందో ఈయనకి ఎలా చెప్పను? మామగారు "మజ్జిగ" అన్నారు. పోశా.

నా జీతంతోనే ఓ చిన్న యూపీఎస్సూ, మంచి ప్లగ్గుల పట్టీ కొనుక్కొచ్చుకున్నా. కరెంటు పోయినా రూటరూ లాప్‌టాపూ కాసేపు నిలబడతాయని ధైర్యం. మామగారు చూసి "టీవీకి పెట్టకూడదూ అది?" అన్నారు. నేను తీసుకెళ్ళి నా రూటరుకి తగిలించా.

ఆ మర్నాడు ఎండ మరీ ముదిరింది. అత్తగారు అప్పుడే గదంతా తడిగుడ్డ పెట్టి వెళ్ళారు. నాపరాళ్ళ నేల చల్లగా ఉందని చెప్పులు విప్పేసి పాదాలు ఆనించా. హాయిగా ప్రాణం లేచొచ్చింది. లాప్‌టాప్ రేకు మీద చెయ్యి వేశానో లేదో, మణికట్టు దాకా జిమ్మని పాకింది. చీమలబారు పోయినట్టు. తీసేశా. మళ్ళీ వేశా. మళ్ళీ జిమ్ము. కొత్త పట్టీ మీద చూస్తే 'ఎర్త్' అని రాసున్న చోట వెలగాల్సిన పచ్చదీపం వెలగడం లేదు. గొంతు ఎండిపోయి మంచినీళ్ళకని లేచి, అలాగే ఉత్త కాళ్ళతో వెళ్ళి ఫ్రిజ్ పిడి పట్టుకున్నా. ఈసారి మోచేతి దాకా.

"అత్తయ్యా!" అని అరిచా. "ఇది జిమ్మంటోందేమిటి?"

ఆవిడ కూరగాయల కత్తిపీట పక్కన పెట్టి లేచారు. నా మొహం చూశారు, నా పాదాలు చూశారు. హాల్లోకున్న తలుపు మెల్లగా దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "నీక్కూడా వస్తోందా?" అన్నారు.

ఆ అడిగిన తీరు నేను ఈ జన్మకి మర్చిపోను. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాళ్ళలా అడిగారు.

"ఇదేమన్నా మీకూ నాకూ వేరేగా వస్తుందా అత్తయ్యా? కరెంటు కదా!"

"కరెంటేనా?" అన్నారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఈ ఫ్రిజ్ కొన్న కొత్తలోనే మీ మావయ్యగారికి చెప్పానే. ఆయన వచ్చి పట్టుకుని చూశారు. ఏమీ లేదన్నారు. ఉదయుడు కాలేజీలో చేరాక వాడికీ చెప్పా. వాడూ పట్టుకున్నాడు. ఏం లేదమ్మా, నీ చెయ్యే తిమ్మిరెక్కుతోంది అన్నాడు. డాక్టరు కూడా అదే చెప్పి మాత్రలు రాశాడు. ఇద్దరు చదువుకున్నవాళ్ళు పట్టుకుంటే రాంది నాకొక్కదానికే వస్తే, నాలోనే ఏదో ఉందనుకోనూ మరి?"

నేను నా పాదాల వంక చూసుకున్నా. పక్క గదిలో బల్ల కింద పడున్న నా రబ్బరు చెప్పులు గుర్తొచ్చాయి. మామగారు హాల్లోంచి వంటింటి గడప దాకా చెప్పులతోనే వస్తారు, మా ఆయనా అంతే. ఎప్పుడన్నా లోపలికి అడుగు పెడితే ఫ్రిజ్‌లో మంచినీళ్ళ సీసా కోసమే, చెప్పులతోనే. దేవుడి గూడు ఉందని ఉత్త కాళ్ళతో, పొద్దస్తమానం ఆ తడి నేల మీద నిలబడేది ఈ ఇంట్లో ఒక్క మనిషి. అందుకే ఒక్క మనిషికే నరాల బలహీనత.

"అయ్యో అత్తయ్యా, నేనిన్నాళ్ళూ మడనుకున్నా! నేను ముట్టుకున్నానని మీరు కొంగుతో తీస్తున్నారనుకున్నా!"

ఆవిడ నోరు తెరుచుకుని నన్ను చూశారు. తర్వాత ఒకటే నవ్వు. కొంగు నోటికడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరేలా, కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చేలా. "పిచ్చిమొహమా! ఆ చెప్పులు అందుకా వేసుకున్నావ్?" అన్నారు. నేనూ నవ్వా. నవ్వుతూనే ఏడ్చా కూడా, దాచుకోవడం ఎందుకు.

మా ఆయన సొరుగులోంచి టెస్టరు తెచ్చి ఫ్రిజ్ రేకు మీద పెట్టా. లోపలి చిన్న దీపం ఎర్రగా వెలిగింది. మిక్సీ, గ్రైండరు, నా లాప్‌టాప్, అన్నిటి మీదా పెట్టి చూశా. అన్నిటి మీదా మిణుకుమంది. అత్తగారు నా వెనకాలే తిరుగుతూ ప్రతి వెలుగూ కళ్ళప్పగించి చూశారు.

ఆ పూట భోజనాల దగ్గర అడిగా. "మామయ్యగారూ, మనింటికి ఎర్తింగ్ లేదా?"

ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. "తవ్వించబోయాం. రెండడుగులకే నాపరాయి తగిలింది. కూలీలు మళ్ళీ వస్తామని పోయారు. రాలేదు. ప్లగ్గుకి మూడో కాలు లేకపోతే ఏం, రెండు కాళ్ళ మీద నడవట్లేదా లోకం?"

మా ఆయన్ని చూశా. ఎర్తింగ్ గురించి పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే మనిషి. "సన్నగా లీకేజీ ఉంటుందిలే. ప్రాణాలేం పోవు. అమ్మని చెప్పులేసుకోమను, సరిపోతుంది" అన్నారు.

"వంటింట్లో చెప్పులేమిట్రా, దేవుడి గూడు అక్కడే ఉంటే!" అన్నారు అత్తగారు.

"చూశావా, నీ పట్టింపు నీదే" అన్నారాయన. మామగారు చెయ్యి కడుక్కుంటూ, "ఎండలు తగ్గాక చూద్దాంలే. కోడలొచ్చి నా ఇంటికి వంకలు పెడుతోంది" అన్నారు. సంగతి అక్కడితో అయిపోయింది, వాళ్ళకి.

క్లయింటు నా కాల్ వినే రోజు రానే వచ్చింది. మా ఆయనకి సెలవులు, మామగారికి టీవీలో మ్యాచ్. "దేవుడి మీద భారం వేసి మాట్లాడుకో, ఇటు సంగతి నేను చూసుకుంటా" అన్నారు అత్తగారు, గడప మీద కందులు బాగుచేస్తూ. ఒకామె తన భర్త ఆపరేషన్ బిల్లు తిరగ్గొట్టారని ఏడుస్తోంది. అవతల క్రాంతికుమారూ ఇంకెవరో ఊపిరి బిగబట్టి వింటున్నారని నాకు తెలుసు. ఆమెకి ఒక్కో కాగితం పేరూ నెమ్మదిగా చెబుతున్నా. అంతలో చేట కింద పడ్డ చప్పుడు. కందులు నేలంతా చిమ్మాయి. తలెత్తితే అత్తగారు హాల్లోకి పరిగెడుతున్నారు. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరుగు! అప్పుడు నాకూ వినబడింది. ఫ్యాను ఎగిరిపోయేలా తిరుగుతోంది. పైన బల్బు తెల్లగా మండుతోంది. హాల్లో పాత ఇనప మెయిన్ స్విచ్చి ధడాల్న పడింది. ఫ్యాను నెమ్మదించింది, టీవీ ఆగింది.

"ఏమే, బుద్ధుందా? ఆఖరి ఓవరు!" అని మామగారు గావుకేక వేశారు.

బయట వీధిలో ఫట్, ఫట్, ఫట్. ఎవరో కెవ్వుమన్నారు.

నా యూపీఎస్ కుయ్ కుయ్‌మంటోంది. రూటరు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. నా చెవిలో ఆమె ఇంకా ఏడుస్తోంది. ఆఖరి కాగితం పేరు కూడా చెప్పా. "చాలా థాంక్సండీ" అని ఆమే పెట్టేసింది. వెంటనే క్రాంతికుమార్ లైన్లోకొచ్చి, "సూపర్ మేడం, ఒక్క క్షణం కూడా తెగలేదు. క్లయింటు హ్యాపీ. మీరు ఇంట్లోంచే కంటిన్యూ అవ్వండి" అన్నాడు. "రేపొక్కరోజు సెలవు కావాలండీ" అన్నా. ఎందుకని అడిగాడు. ఇంట్లో పనుందన్నా.

స్తంభం దగ్గర న్యూట్రల్ వైరు తెగిందట. పక్కింటి దుర్గాంబగారి టీవీ, ఫ్రిజ్ రెండూ పోయాయి. ఎదురింట్లో వాషింగ్ మెషీన్ పోయింది. వీధంతా గుమ్మాల్లోకొచ్చి గోలగోలగా మాట్లాడుకుంటుంటే, మామగారు మా గేటు పట్టుకుని "మాకేమీ కాలేదండీ. దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు, ఆ పని అలాంటిది" అంటున్నారు. మా ఆయన పక్కనే నిలబడి న్యూట్రల్ పోతే వోల్టేజీ ఎందుకు పెరుగుతుందో అందరికీ చక్కగా వివరిస్తున్నారు.

నేను హాల్లోకి వెళ్ళా. మెయిన్ స్విచ్చి కింద నేల మీద చతికిలబడి ఉన్నారు మా అత్తగారు. రొప్పుతున్నారు. కుడిచేతికి కొంగు చుట్టుకునే ఉంది. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "నీ ఫోను తెగలేదుగా?"

ఆవిడ పక్కన కూర్చుని ఆ చెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నా. ఇంత గొప్ప మనిషి పక్కన ఇన్నాళ్ళు బతికి, ఈవిడకి మడి రోగం అనుకున్నానే అని నా మీద నాకే కోపమొచ్చింది. ఆ కోపంలోనే ఎలక్ట్రీషియన్ ప్రేమదాసుకి ఫోన్ చేశా. "గునపాలు పట్టుకుని ఇద్దరు మనుషుల్ని తీసుకురా. ఎంత రాయి తగిలినా తవ్వాల్సిందే" అన్నా.

పొద్దున్నే వాళ్ళు గేటు తీసుకుని వచ్చేసరికి మామగారు వరండాలో అడ్డంగా నిలబడ్డారు. "ఎవరిని అడిగి పిలిచారు? నా ఇంటి చుట్టూ గోతులు తవ్వుతారా?" మా ఆయన నన్ను పక్కకి లాగి, "నాన్న బీపీ సంగతి తెలుసుగా. ఎండలు తగ్గాక చేయిద్దాం అన్నాంగా" అని గొణిగారు. నేను నోరు తెరవబోయా. అంతలో వంటింట్లోంచి కేక.

"ఒరే ఉదయా, చెప్పులు విప్పి ఇలా రా."

ఆయన వెళ్ళారు. నేనూ వెనకాలే వెళ్ళా. అత్తగారు అప్పుడే కడిగిన నేల మీద నిలబడి ఉన్నారు. కొడుకు చెయ్యి పట్టుకుని, చిన్నప్పుడు అక్షరాలు దిద్దించినట్టే ఒక్కో వేలూ విప్పి, ఫ్రిజ్ పిడి మీద ఆనించారు.

"అబ్బా!" అని ఎగిరిపడి చెయ్యి లాక్కున్నారాయన.

"దీన్నేరా నువ్వు నాకు నరాల బలహీనత అన్నావు" అన్నారు అత్తగారు. గొంతు పెంచలేదు.

మా ఆయన తన అరచేతినే చూసుకున్నారు. మొహం పాలిపోయింది. తర్వాత చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి అలాగే పెరట్లోకి వెళ్ళి, "ఎక్కడ తవ్వాలి?" అన్నారు ప్రేమదాసుతో. మామగారు కొడుకు మొహం చూసి పక్కకి తప్పుకున్నారు.

నాపరాయి పొర పగలడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. గోతిలో రాగి రేకు దింపి, బొగ్గూ ఉప్పూ పోసి, తీగ లాగి, ముందు వంటింటికే ఇవ్వమన్నా. తర్వాత నా గది. హాలు ఆఖరున. పోతూ పోతూ ప్రేమదాసు, "ఎండాకాలం రోజూ ఓ బిందెడు నీళ్ళు పొయ్యాలండీ ఈ గోతిలో, ఆరిపోతే పని చెయ్యదు" అన్నాడు. "ఆ, అత్తాకోడళ్ళలో ఎవరో ఒకరు పోస్తారులే" అన్నారు మామగారు.

"లేదండీ, అది మీరు పోస్తారు మామయ్యగారూ. దగ్గరుండి చూసుకునే అలవాటు మీకే ఉంది" అన్నా.

మా ఆయన ఫక్కున నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. మామగారు నన్ను ఎగాదిగా చూశారు. సాయంత్రం బోరింగు దగ్గర బిందె పెట్టిన చప్పుడు నా చెవులతో నేను విన్నా.

కొత్త పట్టీ మీద పచ్చదీపం వెలిగింది. "రండి అత్తయ్యా" అని పిలిచా. ఆవిడ వచ్చి ఫ్రిజ్ ముందు నిలబడ్డారు. అలవాటు కొద్దీ చెయ్యి కొంగు మీదికి పోయింది. ఆగి, కొంగు నడుములో దోపుకున్నారు. ఉత్త చేత్తో పిడి పట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఏమీ కాలేదు. తలుపు తీశారు. లోపలి దీపం వెలుగు ఆవిడ మొహమంతా పడింది.

"ఇన్నేళ్ళూ నా ఒంట్లోనే ఏదో ఉందనుకున్నానే" అన్నారు. నాతో కాదు, ఎవరితోనూ కాదు.

హాల్లోంచి మామగారు తొంగిచూశారు. "ఏమిటే అలా నిలబడ్డావు? తలుపు వెయ్యి, చల్లదనమంతా పోతోంది!"

"పోనీండి" అన్నారు మా అత్తగారు, తలుపు అలాగే పట్టుకుని.